దండ వేసిన పలక

నీ కట్ట మీద పలక బతికే ఉందా?

దండ వేసి ఉంది అని చెప్పకు. అద్దాల పెట్టెలో పెట్టాం, చుట్టూ రంగు బల్బులు వెలుగుతున్నాయి, ఆదివారం ఆదివారం మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాం అని చెప్పకు. అవన్నీ శవానికి కూడా చేస్తారు. నేనడిగేది ఒక్కటే. మీట నొక్కితే వెలుగుతుందా? తెలియదు కదూ? మా కట్ట మీద కూడా ఎవరికీ తెలియదు. తెలిసే రోజు వచ్చేసరికి మా కుళాయి ఎండిపోయింది.

నా పేరు నిరీక్షణరావు. నన్ను ఎవరూ అభిషేకించలేదు, ఏ బడీ నాకు పట్టా ఇవ్వలేదు. మా నాన్న వదిలిపోయిన లేఖనమూ, భుజాన వేలాడే గరాటా మూతి చేతిమైకూ, ఇవే నా పరిచర్య. ఈ కింది రాతలు ఏ రోజువి ఆ రోజే రాసుకున్నవి. తిథులు వేశాను. అవి నా లెక్క కాదు, సముద్రం లెక్క. పోటూ పాటూ చూసుకోకుండా కట్ట మీద ఎవడూ బతకలేడు.

అమావాస్య

పొద్దున్నే సోలార్ రేకుల మీద ఉప్పు తుడుస్తుంటే చప్పుడు ఆగిపోయింది. తీపినీళ్ల మిషను మూలుగు వింటూ పుట్టినవాళ్లం మేం. అది ఆగితే చెవుల్లో ఏదో ఊడిపోయినట్టుంటుంది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. మిషను లోపలి నుంచి ఆ ఆడగొంతు పలికింది.

"దయచేసి అనుమతి పలకను దగ్గరకు తీసుకురండి. ధన్యవాదాలు."

మనల్ని దాహంతో చంపుతూ మనకే ధన్యవాదాలు.

ఇందులో వింత లేదు. డెల్టా మునిగి, సెల్ టవర్ల తలలు పడవలు కట్టుకునే గుంజలైన కాలంలో పునరావాసం వాళ్లు మనల్ని ఈ కట్టల మీదికి ఎక్కించి, కట్టకో మిషను, మిషనుకో బ్యాటరీతో నడిచే అద్దపు పలక ఇచ్చి వెళ్లిపోయారు. కొన్నేళ్లకోసారి మిషను ఆగి పలక చూపమంటుంది. ఇక్కడ ఇంకా మనుషులున్నారా అని దాని ప్రశ్న. పలక చూపిస్తే, ఉన్నాం అని జవాబు. అంతే సంగతి. మిషనును గడ్డపారతో లొంగదీద్దామని తూర్పు కట్టవాళ్లు చూశారు. అది శాశ్వతంగా మూగదైంది. వాళ్ల గుడిసెల్లో ఇప్పుడు పీతలున్నాయి.

పోయినసారి మా పెద్దలు పలక చూపించారు, నీళ్లొచ్చాయి. బుద్ధి ఉన్నవాడైతే ఏం చేస్తాడు? దాన్ని ఛార్జింగులో పెట్టుకుంటాడు. మావాళ్లు మందిరంలో పెట్టుకున్నారు. వచ్చినవాడల్లా మీట ఒకసారి నొక్కి, ఆ వేలు కళ్లకద్దుకుని పోవడం ఆచారమైంది. అరణ్యంలో మోషే ఎత్తిన ఇత్తడి సర్పం పాము కరిచినవాళ్లను బతికించింది. తర్వాతి తరాలు దానికి ధూపం వేశాయి. చివరికి ఒక రాజు వచ్చి, ఇది ఇత్తడి ముక్కరా వెధవల్లారా అన్నట్టు ముక్కలు చేయించాడు. మా కట్టకు అలాంటి రాజు లేడు. ప్రెసిడెంటు పరంజ్యోతి ఉన్నాడు.

డప్పులతో, గొడుగు కింద పలకను ఊరేగిస్తూ తెచ్చారు. పరంజ్యోతి కళ్లు మూసుకుని మీట నొక్కాడు. నల్లగానే ఉంది. మళ్లీ నొక్కాడు. డప్పులు ఆగిపోయాయి.

"నిద్రలో ఉందిలే," అన్నాడు.

"చచ్చింది. ఛార్జింగు పెట్టి ఎన్నాళ్లయింది?" అన్నాను.

"ఆర్పేసి ఉన్నదానికి ఛార్జింగేందయ్యా ప్రసంగీ? వాడితే గదా అయిపోయేది? దీన్ని మనం ఒక్కనాడన్నా వాడామా?"

ఇదీ జ్ఞానం. అన్నం పెట్టకుండా పడుకోబెట్టిన బిడ్డ ఆడుకోలేదు గనక బలంగా ఉంటుందట.

మిషను తొట్టిలో మిగిలిన నీళ్లు రోజుకు ఇంటికొక బిందె చొప్పున పంచాలని, మిగతాదానికి ఉప్పుబావి నీళ్లు వాడుకోవాలని తీర్మానం చేశారు. నా భార్య సుగుణమణి కిడ్నీలు సగం ఎండిపోయాయి. ఉప్పునీళ్లు తాగితే మనిషి దక్కదని మందుల పడవ డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆ మాటే అన్నాను.

"మన తాతలు బావినీళ్లు తాగి బతకలేదా?" అన్నాడు పరంజ్యోతి.

సుగుణమణి వెనకనుంచి అంది. "తాగారు పెజిరెంటుగారూ. తాగినవాళ్లలో తాతలయిందాకా బతికినోళ్లెందరో కాస్త చెప్పండి."

విదియ

పడవల షెడ్డు నుంచి పెద్ద ఛార్జరు తెచ్చారు. పడవ మోటార్లకు వాడేది, ఇటుకంత ఉంటుంది. పరంజ్యోతి నమ్మకం ఏమిటంటే పెద్ద జబ్బుకు పెద్ద మందు. తగిలించారు. పలక మీద ఏమీ రాలేదు. వైరు మార్చారు. రాలేదు. ఇంకో బ్యాటరీ కలిపి పవరు పెంచమన్నాడు. అసలే చచ్చినదానికి ఇంకో చావు.

లేఖనంలో ఒక తల్లి కొడుకు చనిపోతే ఎలీషా తన నౌకరు గేహజీని కర్ర ఇచ్చి పరుగెత్తించాడు. గేహజీ కర్ర తీసుకెళ్లి బిడ్డ ముఖం మీద పెట్టాడు. చప్పుడూ లేదు, చలనమూ లేదు. కర్ర గొప్పదే. పట్టుకున్న చెయ్యి గేహజీది. మా పరంజ్యోతి చేతిలోని ఇటుక ఛార్జరును చూస్తుంటే నాకు ఆ కర్రే గుర్తొచ్చింది. మైకులో ఆ మాటే చెప్పాను. ఆమెన్ అన్నారు. గేహజీ ఎవరో ఒక్కడికీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం నా చేతిమైకు ఛార్జరు తెచ్చాను. పొట్టిది, బలహీనమైనది, మైకు నిండటానికే పూటంతా తీసుకుంటుంది. నిండా ఎండిన గొంతులో చెంబుడు నీళ్లు ఒక్కసారి పోస్తే పొలమారుతుంది. చుక్క చుక్క పోయాలి. తగిలించి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి నల్లటి అద్దం మీద ఎర్రటి బ్యాటరీ బొమ్మ కనబడింది. మిణుగురులా వెలిగి ఆరింది.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. పక్కన ఉన్నవాడెవడో "హల్లెలూయా!" అని అరిచాడు.

ఇక కట్టంతా మందిరంలో ఉంది. వరుస కట్టారు. వచ్చినవాడు వచ్చినట్టు మీట నొక్కుతున్నాడు, కళ్లకద్దుకుంటున్నాడు, పక్కకు తప్పుకుంటున్నాడు. నొక్కినప్పుడల్లా పాపం ఆ పలక లేవబోతుంది. ఎర్రబొమ్మ ఒక రెప్పపాటు వస్తుంది, చుక్క చుక్కగా చేరిందంతా ఆ లేవబోవడానికే ఖర్చయి మళ్లీ చస్తుంది. జనం మళ్లీ హల్లెలూయా. సూచక క్రియ కావాలి వీళ్లకి, కంటికి కనబడే అద్భుతం. స్వస్థత అక్కర్లేదు.

"ముట్టకండి!" అని మైకులో అరిచాను. "మీ భక్తే దాన్ని చంపుతోంది!"

"నువ్వు ముట్టుకుని కూర్చోవచ్చుగానీ మేం ముట్టుకోకూడదా?" అంది ఒకామె. ఆమె వెనక ఇంకా అంత వరుస.

దీనమ్మ అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. చేపల పడవ నడిపే మనిషి, మా పెదనాన్న కూతురు. మందిరానికి వచ్చేది గొడవ ఉన్నప్పుడే.

"ఒరే నిరీక్షణం," అంది. "పొదుగుతున్న కోడిని పూటకి పదిసార్లు లేపి గుడ్లు చూస్తే పిల్లలవుతాయంట్రా? మీ సంఘంలో ఒక్కళ్లు కూడా కోళ్లు పెంచలేదా?"

చవితి

పలక ఇప్పుడు ఎర్రబొమ్మ కూడా చూపడం లేదు. మొన్నా నిన్నా నొక్కి నొక్కి అడుగున ఉన్న తడి కూడా పిండేశారు. నా పొట్టి ఛార్జరునూ అది పట్టించుకోవడం లేదు. ఛార్జింగు పెట్టించుకోవడానికైనా కాస్త ప్రాణం ఉండాలట. పెట్టేవాడు గుమ్మంలో ఉన్నాడు, తలుపు తీసే శక్తి లోపలివాడికి లేదు.

పరంజ్యోతి ఉపవాస కూటం ప్రకటించాడు. నీళ్లు లేని ఊళ్లో ఉపవాసం ప్రకటించడానికి ఎంత విశ్వాసం కావాలి!

దీనమ్మ దగ్గరికి వెళ్లాను. పడవ అడుగున నాచు గీకుతోంది.

"అక్కా, నీ పడవ బ్యాటరీ పూర్తిగా పడిపోతే ఏం చేస్తావు?"

"పక్క పడవోడి బ్యాటరీ తెచ్చి వైర్లు కలుపుతా. దాని ఊపిరితో ఇది లేచిద్ది. లేచినాక దాని బతుకు అదే బతికిద్ది." చేతిలో గీకుడు ఆపింది. "అయితే పలక బ్యాటరీ లోపలెక్కడో ఉండిద్ది. వీపు కొయ్యాల. కొయ్యనిస్తారా మీ భక్తులు?"

అప్పుడు నాకు ఆ కథలో మిగతా సగం వెలిగింది. కర్ర పనిచేయలేదని తెలిశాక ఎలీషా తానే వెళ్లాడు. తలుపు వేశాడు. బిడ్డ మీద పడుకుని, తన నోరు బిడ్డ నోటి మీద, తన కళ్లు బిడ్డ కళ్ల మీద, తన చేతులు బిడ్డ చేతుల మీద ఉంచాడు. ఒళ్లు వెచ్చబడింది. లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగి, మళ్లీ వెళ్లి పడుకున్నాడు. అప్పుడు బిడ్డ కళ్లు తెరిచింది. ఈ కథ మీద నేనెన్ని ప్రసంగాలు చేశానో! తలుపు వేశాడు అన్న మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. తలుపు వేశాడయ్యా. వరుస కట్టించలేదు.

"వేరే బ్యాటరీ కావాలి," అన్నాను. "చిన్నది. పలకలో ఉండే రకం. పడవది పెడితే కాలిపోతుంది."

దీనమ్మ నా భుజం వంక చూసింది. మైకు వంక.

"అదా?" అన్నాను.

"అదే. కట్టంతా నీకు రుణపడుద్ది. రెండు విధాలా."

సప్తమి

సుగుణమణి పాదాలు ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. మా బిందె నీళ్లు ఆమెకే ఉంచుతున్నాను కదా, ఎందుకిలా అని తొట్టి దగ్గరికి వెళ్లి నాలుకకు తగిలించుకున్నాను. ఉప్పు. నీళ్లు ఎక్కువ రోజులు రావాలని పరంజ్యోతి తొట్టిలో బావినీళ్లు కలిపించాడు. ఎవరికీ చెప్పలేదు. అడిగితే, "అందరి మేలు కోరి చేశాను," అన్నాడు. పిండి తక్కువైతే సున్నం కలిపి, రొట్టె పెద్దదైంది చూడండి అనే రకం.

ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నేనూ దీనమ్మా మందిరానికి వెళ్లాం. అద్దాల పెట్టె తెరిచి పలక బయటికి తీశాను. చుట్టూ బల్బులు ధగధగా వెలుగుతున్నాయి. వాటికి కరెంటు ఉంది. మధ్యలో ఉన్నదానికే లేదు. ఇన్నేళ్లూ వాళ్ల కళ్లకు ఇది కనిపించలేదు.

పరంజ్యోతి మనుషులను వెంటేసుకుని వచ్చాడు. దీనమ్మ చేతిలో పొలుసులు గీకే కత్తి చూశాడు.

"పలక ఒళ్లు కోస్తారా? పెద్దలు ఇచ్చిన పలకని?"

"పెద్దలు ఇచ్చింది బతికున్న పలక. దాన్ని పీనుగు చేసింది నువ్వు," అన్నాను.

"చూడు ప్రసంగీ, నువ్వు కోసి అది పూర్తిగా పోతే? అప్పుడేం చేద్దాం? ఇప్పుడన్నా ఆశ ఉండాది గదా!"

"ఆశ! కుళ్లిన దాన్ని కప్పెట్టిన గుడ్డకు నువ్వు పెట్టుకున్న పేరా అది?"

వెనకవాళ్లు ముందుకొచ్చారు. ఒకడు నా చేతిలోంచి పలక లాక్కున్నాడు. దీనమ్మ తెడ్డు అందుకుంది. అక్కడ నెత్తురు కళ్ల చూసేవాళ్లమే. గుమ్మంలో సుగుణమణి కనబడింది. గోడ పట్టుకుని ఉబ్బిన కాళ్లు ఈడ్చుకుంటూ వస్తోంది. నేరుగా వెళ్లి పలక ఉండే వేదిక మీద, బల్బుల మధ్యలో కూర్చుంది. దండ తీసి తన మెడలో వేసుకుంది.

"నొక్కండి," అంది.

ముందుకొచ్చినవాళ్లు వెనక్కి జరిగారు.

"రండి పెజిరెంటుగారూ. వరుస కట్టండి. పాదం మీద నొక్కండి, గుంట పడిద్ది, కళ్లకద్దుకోండి. రేపో ఎల్లుండో ఎటూ ఈ దండ వేస్తారుగా. ముందే వేసుకుంటే పూలన్నా తాజాగా ఉంటై."

పరంజ్యోతి ఆమె పాదాల వంక చూశాడు. పలక లాక్కున్నవాడి వైపు తిరిగి, "ఇచ్చెయ్యరా," అన్నాడు.

తలుపు వేశాం. కిటికీ దగ్గర ఎండలో కాసేపు ఉంచితే పలక వెనక బంక మెత్తబడింది. దీనమ్మ కత్తి అంచు దూర్చి వీపు ఎత్తింది. లోపల చదునైన బ్యాటరీ, వెండి రంగు సంచీలా. ఉబ్బలేదు, అదొక దయ. ఉబ్బి ఉంటే ముట్టుకోకుండా ఇసకలో పాతేయమని దీనమ్మ ముందే చెప్పింది. నా మైకు విప్పి దాని బ్యాటరీ తీశాను. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. కలిపి పట్టుకుని బొటనవేలు దాని మీద పెట్టి ప్రార్థన చేశాను. వెచ్చబడింది. తీసేశాను. అటూ ఇటూ తిరిగాను. మళ్లీ కలిపాను.

"ప్రార్థన పొట్టిగా చెయ్యి," అంది దీనమ్మ. "నీ మామూలు ప్రార్థన చేస్తే కాలిపోయిద్ది."

మూడోసారి తీసి పొట్టి ఛార్జరు తగిలించాం. ఎర్రబొమ్మ వచ్చింది. ఈసారి ఆరలేదు.

నా చెయ్యి మీట వైపు వెళ్లింది. నిజం రాస్తున్నాను, వెళ్లింది. దీనమ్మ తెడ్డుతో వేళ్ల మీద కొట్టింది.

బయట జనం. లోపల ఏమైందో చెప్పమని తలుపు బాదుతున్నారు. మొట్టమొదటిసారి నా దగ్గర మైకు లేదు. తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. వాళ్లు బాదుతూనే ఉన్నారు, అది నిండుతూనే ఉంది. ఎరుపు పోయి పచ్చబొమ్మ వచ్చింది. మందిరం నీడ రేవు దాకా పాకడం కిటికీలోంచి చూసి దీనమ్మ తల ఊపింది. అప్పుడు నొక్కాను. ఒక్కసారే. అద్దం తెల్లగా వెలిగింది.

దాని పాత బ్యాటరీ దేన్నీ నిలుపుకోదని వెంటనే తెలిసింది. వైరు తీయగానే మసకబారింది. మైకు బ్యాటరీని దాని పక్కనే చేర్చి, వల దారంతో పొట్టకు కట్టేశాను. ఇక అది అక్కడే ఉంటుంది. నా మైకు ఇప్పుడు ఖాళీ గరాటా.

మిషను ముందు పలక పట్టుకున్నాను.

"ధన్యవాదాలు," అంది ఆ గొంతు. "ఇక్కడ మనుషులు ఉన్నట్టు నమోదైంది."

మూలుగు మొదలైంది. కుళాయి దగ్గింది, ఉమ్మింది, తర్వాత పారింది. మొదటి గ్లాసు సుగుణమణికి పట్టాను. దండ ఇంకా మెడలోనే ఉంది. తాగి మూతి తుడుచుకుని నా భుజం వైపు చూసింది.

"దేవుడు చల్లగా చూశాడయ్యా," అంది. "ఒకే రోజు నీళ్లొచ్చాయి, మైకు పోయింది."

దశమి

సుగుణమణి పాదాల వాపు తగ్గుముఖం పట్టింది. నీళ్లు తీపిగా ఉన్నాయి. ఇక మా జనం ఎంత మారారో చెబుతాను, విను.

పొద్దున మందిరంలోకి వెళ్లాను. అద్దాల పెట్టెలో పలక లేదు కదా, దాన్ని నేను మా ఇంటి కిటికీలో ఛార్జరుకు కట్టి పెట్టాను. పెట్టె ఖాళీగా ఉంటుందనుకున్నాను. లేదు. అందులో నా మైకు గరాటా ఉంది. తళతళా తుడిచి, చుట్టూ బల్బులు చుట్టి, చేమంతుల దండ వేశారు. పరంజ్యోతి దాని ముందు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఒక పెద్దావిడ దాని మీట నొక్కి కళ్లకద్దుకుంది.

నాకు నవ్వు రాలేదు. దండ లాగి కిటికీలోంచి పారేశాను. సాయంత్రానికి ఇంకోటి వేశారు.

మందుల పడవ సరంగు వచ్చాడు. అన్ని కట్టల మిషన్లూ ఒకే రుతువులో పెట్టినవట. మాది అడిగిందంటే మీది కూడా అడుగుతుంది. ముందుగా చెప్పదు. అడిగాక చుక్క కూడా ఇవ్వదు. నా గొంతు ఇప్పుడు ఈ కట్ట చివరి దాకా కూడా వినబడదు, అందుకే ఈ కాగితాలు పడవలో పంపుతున్నాను. చదివేవాడా, నా మాట బాగుందని ఆమెన్ అనకు. నీ ఆమెన్లు నాకు తెలుసు. ఈ కాగితాన్ని కూడా అద్దంలో పెట్టి దండ వేసే రకం మనిషివి నువ్వు.

లే. కాగితం తెచ్చిన పడవ ఇంకా మీ రేవులోనే ఉంటుంది, అది కదిలే లోపల మందిరానికి నడువు. దండ తెంపు. పెట్టె తెరువు. నీ దగ్గరున్న ఛార్జర్లలో అన్నిటికంటే పొట్టిది వెతికి తగిలించు. తగిలించి తలుపు వెయ్యి. ఎవడు బాదినా తియ్యకు. ఎర్రబొమ్మ వస్తే వేలు పెట్టకు, రాకపోతే ఏం చేయాలో పైన రాశాను. ఎండ ఉండగానే చెయ్యి. ఉన్నారా అని మిషను ఈ సాయంత్రమే అడగవచ్చు. నీ ఇంట్లో పాదాలు ఉబ్బే మనిషి ఎవరో నీకు తెలుసు. వాళ్ల పేరు తలుచుకుని ఇప్పుడే, ఈ కాగితం మడవకుండానే, బయల్దేరు.